చప్పుడు పుట్టిన చోటు

కాళ్లున్నాయా, ఉన్నాయనే అనుకుందాం, వేళ్లు ఆడిస్తే ఎడమకాలు పలికింది, కుడికాలు అలిగింది, ఛాతీ దాకా మంచు సిమెంటులా బిగుసుకుంది, తల మాత్రం ఎండలో ఉంది, ఎంత బాగుంది ఈ ఎండ, ఎదురుగా నా కూతురు లాదీనా పారతో తవ్వుతూ తిడుతోంది, కదలకు నాన్నా, నోరు మూసుకుని ఊపిరి పీల్చు, నోరు మూసుకుంటే ఎలా పీల్చేదే అంటే ముక్కెందుకిచ్చాడు దేవుడు అంటుంది, అచ్చం వాళ్లమ్మే, తిట్టేకొద్దీ చేతులు చురుగ్గా ఆడతాయి, నా వెనక ముప్పై అడుగుల దూరంలో నడుస్తూ వచ్చింది ఇది, కొండ మీంచి జారిన మంచు దీని స్కీల ముందుకొచ్చి ఆగింది, బతికింది, నాకింకేం కావాలి.

ఇంకేం కావాలనుకుంటూ ఉండగానే ప్లాచీ అరుపు, మంచు జారే ప్రమాదం చూసి దారులు మూసి తెరిచే ఊరి మంచు కాపలాలో ముప్పై ఏళ్లుగా నాకు జోడీ వాడు, సాయం చేద్దామని గట్టు పక్కనుంచి దిగొచ్చిన పట్నం జంట మీద పడ్డాడు, మీ సరదాకి మా గియేరీ చచ్చేవాడు, పైన మీరు తొక్కబట్టే కదా ఇది తెగింది, లేదండీ, మేం వాలు మీద కాలే పెట్టలేదు, గట్టు మీదే ఆగాం, ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉత్త చేతులతో నా చుట్టూ మంచు తోడుతోంది, హెలికాప్టర్లో పోలీసులొస్తున్నారు, వాళ్లకి చెప్పుకోండి అంటాడు వీడు, జైల్లో మంచు పడదులే, అబ్బా ప్లాచీ, కాస్త ఆగరా, అందామనుకున్నా, అనలేదు, వాడి మాట నాకు హాయిగా ఉంది, దుప్పటిలా కప్పుకుని పడుకోవచ్చు.

కానీ పొద్దున ఈ దారి తెరవొచ్చని సంతకం పెట్టిందెవరు, మంచు పట్టు చూడ్డానికి గడ్డిసాల వెనక చూరు కింద గొయ్యి తీసిందెవరు, నలభై చలికాలాలు మా నాన్న తీసిన చోటే తీశాను, ఏ ఏటికాయేడు పోల్చుకోవాలంటే చోటు మారకూడదుగా, మంచును స్తంభంలా కోసి, పైన పార పెట్టి, మణికట్టుతో పది దెబ్బలు, మోచేత్తో పది, భుజంతో పది, చెక్కు చెదరలేదు, మైదానంలో కూడా ఒకటి తీద్దాం నాన్నా అంది లాదీనా, మీ తాత చోటు మీద ఓటింగ్ పెట్టమంటావా అని నవ్వాను, వారం కింద ఆకాశం తేటగా ఉండి చలి కొరికినప్పుడు మైదానమంతా గోరెత్తు ఈకమంచు మొలిచింది, ఈకల్లా నిలబడే పెళుసు పలుకులు, ఫొటోలు తీసింది ఇదే, సాల చూరు కింద ఆకాశమే కనపడదు, అక్కడ ఒక్క ఈకా మొలవదు, ఆ తర్వాత గాలి తెచ్చిన కొత్త మంచు మూరెడు పలకలా ఆ ఈకల మీద కూర్చుంది, నేను మొలవని చోట వెతికి, లేదని రాశాను.

ఇప్పుడు గుర్తొస్తోంది, కాదు, ఇందాకట్నుంచీ గుర్తుంది, వాలు కింది ఈ మైదానంలో నేను అడుగేయగానే వుమ్ అని నేల నిట్టూర్చింది, వేలెడు కుంగింది, కింద ఒక ఈక విరిగి పక్క ఈక మీద పడి, అది ఇంకోదాని మీద పడి, పలక కిందనుంచే వాలెక్కి పరుగెత్తింది పగులు, మూడు గుండె చప్పుళ్లు, అప్పుడు తెగింది పైన, పట్టు వదిలేసిన పలక కిందికే కదా వస్తుంది, లాదీనా కూడా వినే ఉంటుంది, పార ఆపి నా మొహంలోకి చూస్తోంది, చెప్పాల్సింది నేనే, హెలికాప్టర్ దిగింది, పోలీసమ్మ వంగి ఎవరు కదిలించారు దీన్ని అంటోంది, ప్లాచీ వేలు ఆ అమ్మాయి వైపు లేచింది, విచిత్రం, నాకు భయం వేయడం లేదు, ఛాతీ మీద బరువు సగం దిగినట్టుంది, వేలు దించరా ప్లాచీ, వాళ్లు కాదమ్మా, పగులు పుట్టింది నా కాలికింద, దారి తెరిచిందీ నేనే, గియేరీ కదుఫ్, రాసుకోండి, నేనే.