ఉక్కు పట్నం టేపు

అమెరికాలో ఏదో ఉక్కు పట్నం. కొలుములు ఆరిపోయాక ఆ ఊరి పెద్దలకు ఊరి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మ్యూజియం పెట్టి, ముసలి కార్మికులను కూర్చోబెట్టి, వాళ్ల జ్ఞాపకాలను టేపుల్లోకి ఎక్కించారు. విని టైపు చేసే పని మాత్రం చౌకగా అవుతుందని సముద్రాలు దాటి మాదాపూర్‌కు వచ్చింది. హైటెక్ సిటీ భవనం అప్పుడే తెరిచారు. పక్క వీధి ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది బోరబండ పిల్ల లీదియా. ఉద్యోగం పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో శనివారం తేలాలి.

ఆ వారం వచ్చిన టేపులో ముసలాయనకు చెవుడు. బతుకంతా ఇనుప సుత్తుల మోత కింద పని చేస్తే చెవులు మిగులుతాయా? అడిగిన ప్రతిదానికీ ఆయన భార్యే జవాబు చెప్పింది. సమ్మె నాడు గేటు దగ్గర ఏమైందో, నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ చొక్కాలకు మాసికలు ఎలా వేసేదో, అన్నీ ఆమే. ఆయన "ఊఁ", "అవును" తప్ప పలకలేదు.

సూపర్‌వైజర్ రామ్మోహనరావు ఫైలు తిప్పి పంపాడు. కార్మికుడి మాటలే ఉంచాలని, పక్క గొంతులు తీసెయ్యాలని రూలుందనీ, ఇంకోసారి తప్పితే తన చేతిలో ఏమీ ఉండదనీ మర్యాదగానే చెప్పాడు. లీదియా తీసేసింది. పేజీలో నాలుగు ముక్కలు మిగిలాయి. తెల్లారి పంపితే సరిపోతుంది.

ఇంటికెళ్లేసరికి పక్కింటి పెంటయ్య కూర్చుని ఉన్నాడు. లీదియా నాన్న పౌలు ఒకప్పుడు ఇదే మాదాపూర్ గుట్టల్లో రాళ్లు పేల్చినవాడు. గుట్టలూ పోయాయి, ఆయన చెవులూ పోయాయి, అద్దాల మేడ మాత్రం నిగనిగలాడుతోంది. బిడ్డ అక్కడే కొలువు చేస్తుంటే ఎట్లుందని పెంటయ్య గట్టిగా అడిగాడు. పౌలు అలవాటుగా భార్య వైపు చూశాడు.

"మురుస్తుండన్నా, దేవునికి స్తోత్రం," అంది చెన్నమ్మ. "ఈయన దోస్తు ఆ గుట్టలనే రాయి కింద వడి సచ్చిండు. ఆడికే బిడ్డ పోతుంటే జర భయపడ్తడు గూడ."

పౌలు తలూపాడు. అమ్మ మాటలు తీసేస్తే నాన్న దగ్గర మిగిలేది ఆ తలూపు ఒక్కటేనని లీదియాకు అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లారి ఆ ముసలావిడ మాటలన్నీ తిరిగి ఎక్కించి, పక్కన ఆమె పేరు కూడా పెట్టి, ఎవరినీ అడక్కుండా అమెరికాకు పంపేసింది. మధ్యాహ్నం రామ్మోహనరావు పిలిచాడు.

"ఇది ఎవరి కథండీ, ఆయనదా, ఆవిడదా?"

"బతుకు ఇద్దరిది సార్. నోరే ఆమెది."

శనివారం పర్మనెంటు అయినవాళ్ల పేర్లు చదివారు. లీదియా పేరు లేదు. ఆమె టిఫిన్ డబ్బా విప్పి, మెతుకు మిగల్చకుండా తిని, ఇంటిదారి పట్టింది.