పుక్కిట కొబ్బరి

తెలుగు నవలల్లో నిధులు వేటాడే వీరుడు కెప్టెన్ జయకేతు అచ్చంగా ఇంగ్లీషు నవలల్లోంచి ఎత్తుకొచ్చిన సరుకేనని తేల్చడానికి మమతకి నాలుగేళ్లు పట్టింది. టోపీ వాళ్లది, పటాలు వాళ్లవి, గుహలు వాళ్లవి. సోమవారం పరిశోధన గ్రంథం సమర్పిస్తే డాక్టరేటు వచ్చినట్టే. కానీ ఒక్కటి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. నిధి కోసం ఏట్లో దిగేముందు జయకేతు పచ్చికొబ్బరి నమిలి నీళ్ల మీద ఉమ్ముతాడు. ఏ ఇంగ్లీషు వీరుడూ అలా ఉమ్మిన దాఖలా లేదు.

"రచయిత సరదాకి రాసుంటాడు, వదిలెయ్యమ్మా" అన్నారు గైడు. వదిలేసే రకమైతే మమత ఎందుకవుతుంది? ఆ రచయిత గంగాధరరావు యాభై ఏళ్ల కిందట మాస్టారుగా పనిచేసిన అల్లవరం వైపు రేవులు వెతుక్కుంటూ వెళ్లింది. మూడో రేవులో పడవవాళ్లు కొబ్బరి మాట వినగానే నవ్వి, సూర్యకాంతం ఇల్లు చూపించారు. డెబ్బై దాటిన మనిషి. ఏట్లో జారిపోయిన బిందెలూ గొలుసులూ మునిగి తీసివ్వడం పడుచుతనం నుంచీ ఆవిడ పని.

"మామ్మగారూ, గంగాధరరావు మాస్టారు గుర్తున్నారా అండీ?"

"ఆయ్, గుర్తులేకేమండీ! గట్టుమీద కూచుని, ఎలా మునుగుతావు, లోపలేం కనపడతాదని ఒకటే అడిగేవోరు. ఏదో రాసుకునేవోరు. అదేంటో నాకేం తెల్దండి, చదువు లేదు కదా."

మమత జయకేతు కథంతా చెప్పి, కొబ్బరి ఎందుకని అడిగింది.

"చెప్తే ఏం తెలుస్తాదండీ, రండి" అంటూ రేవుకి తీసుకెళ్లింది సూర్యకాంతం. కొబ్బరిముక్క నమిలి, పుక్కిట పట్టి, నీళ్ల మీద ఉమ్మింది. అంతవరకూ ఎండకి కళ్లు చెదిరేలా మెరుస్తున్న ఏరు, ఆ నూనె పరుచుకున్న మేర నున్నగా అయిపోయింది. అడుగు కనిపించింది! ఇసుక, గుల్లలు, పాకుతున్న పీత. మమత ముందుకు వంగి చూసింది. చిన్నప్పుడు దుప్పట్లో దూరి వందసార్లు చదివిన పేజీ ఇదే.

అంతలో ఆవిడ కొంగు బిగించి బుడుంగున మునిగింది. ఎంతకీ తేలదు. మమత గట్టు అంచుకి పరిగెత్తింది. తేలేసరికి ఆవిడ చేతిలో నాచుపట్టిన ఇత్తడి చెంబు.

"ఎవరిదో పాపం" అంటూ గట్టెక్కి కూర్చుంది. "అయితే ఆ కతలో ఉన్నది నేనేనంటారా? మగాణ్ణి చేసేసేరా మాస్టారు!" అని పకపకా నవ్వింది.

మమత ఫోను తీసి గైడుకి చేసింది.

"సార్, సోమవారం ఇవ్వలేనండీ. మొత్తం మళ్లీ రాయాలి. టోపీ ఒక్కటే ఇంగ్లీషు నవలల్లోంచి వచ్చిందండీ. కెప్టెన్ జయకేతు ఇక్కడ, నా ఎదురుగా కూర్చుని తడిజుట్టు పిండుకుంటున్నారు."