ఎల్డన్ డిస్కు దిగిన సాయంత్రం

గురువారం పని దిగగానే మా ఊళ్ళో సగం మంది నది పక్క అడవిలోకి వెళ్ళిపోతారు. భుజాన సంచి, సంచిలో పళ్ళేల్లాంటి ప్లాస్టిక్ డిస్కులు, ఫ్లాస్కులో కాఫీ, జేబులో దోమల మందు. అక్కడ చెట్ల మధ్య నిలువెత్తు కాడల మీద పద్దెనిమిది ఇనప బుట్టలు పాతి ఉన్నాయి. ఒక్కో బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. ఒక్కో బుట్టకీ ఉన్న సిమెంటు గచ్చు మీద నిలబడి డిస్కు విసరాలి, అది పడ్డ చోటికి నడిచివెళ్ళి మళ్ళీ విసరాలి, అలా ఆ గొలుసులు గలగలమనేదాకా. తక్కువసార్లు విసిరి ముగించినవాళ్ళు గెలిచినట్టు. చెప్పడానికి ఇంతే. ఆ మేపుల్ చెట్లకు మనమీద ఎంత కక్షో ఆడితే గానీ తెలియదు.

ఆటలో మావాళ్ళు దేన్నైనా క్షమిస్తారు గానీ వంతు తప్పితే క్షమించరు. కిందటి బుట్ట దగ్గర బాగా ఆడినవాళ్ళది తర్వాతి గచ్చు మీద మొదటి వంతు. అక్కణ్ణించి బుట్టకు ఎవరి డిస్కు దూరంగా పడితే వాళ్ళు ముందు విసరాలి, మిగతావాళ్ళు వెనకాల నోరు మూసుకుని నిలబడాలి. అయినా మా మిన్నెసోటా మర్యాద సంగతి తెలిసిందే కదా! తలుపు దగ్గర ఇద్దరు ఎదురుపడితే "ముందు మీరు" "అయ్యో, ముందు మీరే" అనుకుంటూ ఇద్దరూ మంచులో గడ్డకట్టుకుపోయే రకం. అందుకే ఎవరైనా తమ వంతు ఇంకొకరికి ఇస్తే, ఇచ్చినవాళ్ళు కూడా విసిరేదాకా ఎవరూ గచ్చు దిగరు.

పద్నాలుగో గచ్చు నది వంపులో ఉంది. అక్కడ డిస్కును నీళ్ళ మీదకి విసరాలి. అది గాలిలో వంపు తిరిగి మళ్ళీ ఇదే ఒడ్డుకు, చెట్ల మధ్య ఉన్న బుట్ట దగ్గరికి రావాలి. అక్కడికి చేరగానే అందరూ కాసేపు ఆగుతారు.

"ఎల్డన్‌ది వస్తోంది, ఆగండి," అంటారు ఎవరో ఒకరు.

నారింజరంగు డిస్కు ఒకటి నీళ్ళ మీదుగా వచ్చి, బుట్ట దాకా దిగుతున్నట్టే దిగి, మళ్ళీ లేచి నది మీదకు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వీళ్ళు విసురుతారు. మూడేళ్ళుగా ఇదే తంతు. చలికాలంలో గడ్డకట్టిన నదికి కన్నాలు చేసుకుని చేపలు పట్టేవాళ్ళు కూడా అది తల మీదుగా పోతే టోపీ సర్దుకుంటారు, అంతే.

దాన్ని విసిరిన చెయ్యి ఎల్డన్‌ది. చెయ్యి ఇంకా కిందికి దిగకముందే అతను ఆ గచ్చు మీద కూలిపోయాడు. గుండె. అంబులెన్సువాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని అంత అడవి దాటి వచ్చేసరికి అంతా అయిపోయింది. మనిషి పడిపోయాడు గానీ డిస్కు పడలేదు.

ఆరోజు అతనితో ఆడుతున్నది ఇద్దరు. భార్య మార్లిస్, స్నేహితుడు వెండెల్. బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మార్లిస్ అప్పటినుంచీ రోజూ సాయంత్రం పద్నాలుగో గచ్చు పక్కన బల్ల మీద కూర్చుంటోంది. తను విసరాల్సిన నీలం డిస్కు ఒళ్ళో పెట్టుకుంటుంది. విసరదు. ఎల్డన్‌ది ఎక్కడో ఒకచోట పడాలి కదా, అప్పుడు చూద్దాం అంటుంది. మళ్ళీ ఎవరితోనూ ఆడలేదు. ఊరు దాటలేదు.

కూతురు కారీ పెద్ద సరస్సు ఒడ్డున డులూత్ నగరంలో ఉంటుంది. పోయినేడు పసిపిల్లను తీసుకుని వచ్చింది. సాయంత్రం కాగానే మార్లిస్ పిల్లను కారీ చేతుల్లో పెట్టేసి నది దగ్గరికి వచ్చేసింది. మర్నాడు తెల్లవారుతూనే కారీ వెళ్ళిపోయింది. ఆ తర్వాత అన్నీ పొడిపొడి మాటలే. ఇప్పుడు రెండో కానుపు. నెలలు నిండకముందే నొప్పులొస్తే డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అల్లుడు సరస్సు మీద ఓడపనిలో ఉన్నాడు.

"అమ్మా, ఇంక అడగను. ఇదే ఆఖరు. వస్తావా, రావా?" అంది కారీ ఫోన్లో.

"నేను లేనప్పుడు అది దిగితే ఎలాగే?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. మార్లిస్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అయినా మర్నాడు గురువారం, మళ్ళీ వచ్చి అదే బల్ల మీద కూర్చుంది.

ఆ గురువారానికి ఇంకో విశేషం ఉంది. వసంతంలో వచ్చిన వరద ఒడ్డును కోసేసింది. గచ్చు ఓ మూల నీళ్ళ మీదకు వేలాడుతోంది. తెల్లవారితే ఊరి పనివాళ్ళు వచ్చి దాన్ని పగలగొట్టి, పద్నాలుగో ఆటను అడవి లోపలికి జరిపేస్తారు. అందుకని ఆరోజు ఎవరి ఆట వాళ్ళు ముగించుకుని అందరూ అక్కడికే చేరారు.

వెండెల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు.

"రేపు ఈ గచ్చుండదు మార్లిస్. పద, నేను పొద్దున్నే డులూత్‌లో దింపుతాను."

"ఎలా వస్తాను వెండెల్? ఆయనది పడలేదుగా. ఆయన తర్వాత నేను విసరాలి."

"వాడి తర్వాత వంతు నాది. వాడికన్నా ముందు నీది కాదూ? పదమూడులో నీకు మూడు, వాడికి నాలుగు, నాకు చెప్పుకోకుండా ఉంటే మంచిది. నాకు బాగా గుర్తు, మేపుల్ చెట్టుని తిట్టాను."

మార్లిస్ కాఫీ మూత కింద పెట్టేసింది.

"అవును. వంతు నాదే," అంది. "కాలికి దురదగొండి తగిలింది. గోక్కుంటూ, నువ్వు ముందు వెళ్ళు ఎల్డన్ అన్నాను. నేనే ముందు విసిరుంటే ఆ క్షణంలో ఆయన ఊరికే వెనకాల నిలబడి ఉండేవాడు. బలం పెట్టేవాడు కాదు. నేనే పంపించాను వెండెల్. ఎవరితో చెప్పను? కారీతో చెప్పనా, మీ నాన్నని నేనే ముందు పొమ్మన్నానని?"

ఏడుపు తన్నుకొచ్చింది. వెండెల్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. అతనికీ కళ్ళు నిండాయి. వాడి గుండె ఏ క్షణాన ఆగాలో ఆ క్షణానే ఆగుంటుందని చెప్పాలనుకున్నాడు గానీ, అది ఇప్పటికే అందరూ చెప్పారు.

నారింజ డిస్కు వంపు తిరిగి వచ్చింది. బుట్ట దాకా దిగి, ఎప్పట్లాగే ఆగినట్టయి, లేచి వెళ్ళిపోయింది. వెండెల్ దాన్నే చూస్తూ నుదురు కొట్టుకున్నాడు.

"ఓసి పిచ్చిదానా! నువ్వేమో వాడిది పడాలని కూర్చున్నావు. వాడేమో నువ్వు విసరాలని తిరుగుతున్నాడు. వంతు ఇచ్చినవాళ్ళు విసరకుండా వాడెప్పుడైనా ముందుకు కదిలాడా? మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి ముందు మీరంటే ముందు మీరని మూడేళ్ళు!"

వెనకాల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మార్లిస్ ఒళ్ళోని నీలం డిస్కు వైపు చూసింది. లేచి గచ్చు ఎక్కింది. గచ్చు కాస్త కదిలింది. ఆమె విసరలేదు. విసిరితే ఆయన దిగిపోతాడు. దిగితే రేపు సాయంత్రం ఇక్కడికి ఎవరి కోసం రావాలి? ఇన్నాళ్ళూ ఆమె పోగొట్టుకోనిది ఆ ఒక్కటే. జేబులో ఫోన్ ఉంది, దాన్ని పైనుంచే ఒకసారి తడిమి చూసుకుంది.

"వెళ్తున్నాను ఎల్డన్," అని విసిరింది.

నీలం డిస్కు నీళ్ళ మీదకు సాగింది. నది మీద నారింజది దాని పక్కకు చేరింది. రెండూ కలిసి వంపు తిరిగాయి. నీలంది మేపుల్ కొమ్మకు తగిలి దురదగొండి పొదల్లో పడింది. నారింజది మెల్లగా దిగి, బుట్ట కాడను తాకి, గడ్డిలో వాలిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెండెల్ అలవాటు ప్రకారం వెళ్ళి మార్లిస్ వెనకాల నిలబడ్డాడు. మిగతావాళ్ళూ అలాగే నిలబడ్డారు.

"దూరం నీది మార్లిస్. వంతు నీదే," అన్నాడు.

"ఇంక అన్నీ నావేనా?" అంది ఆమె.

పొదల్లోకి దిగి విసిరింది. బుట్ట తప్పింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ తప్పింది. మూడోసారి గొలుసులు మోగాయి. తర్వాత గడ్డిలోంచి నారింజ డిస్కు తీసింది. ఎండకూ మంచుకూ రంగు వెలిసిపోయింది, వెనక ఎల్డన్ పేరు మాత్రం ఉంది. దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని, ఆయన తరఫున బుట్టలో వేసింది. ఆ గొలుసుల చప్పుడుకు వెండెల్ చెట్టు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

పొద్దున్నే వెండెల్ ఆమెను డులూత్‌లో దింపి వచ్చాడు. తలుపు తీసింది పక్కింటావిడట. లోపల మంచం మీంచి "ఎవరూ?" అంటే, "నేనేనే," అందట మార్లిస్.

గచ్చు పగలగొట్టేశారు. కొత్త పద్నాలుగు నుంచి నది సరిగా కనిపించదు. అయినా అక్కడికి రాగానే అందరూ కాసేపు ఆగుతున్నారు.

ఆకులు రాలే కాలంలో మార్లిస్ వెండెల్‌కు ఫోన్ చేసింది. కారీకి కొడుకు. పిల్లాడు చిన్నగా ఉన్నాడు గానీ బాగానే ఉన్నాడు. పెద్దది తనను వదలడం లేదు.

"గురువారం ఆడారా?" అంది.

"ఆడాం."

"పద్నాలుగు దగ్గర ఆగారా?"

"ఆగాం."

"ఏమైనా వచ్చిందా?"

"లేదు మార్లిస్."

"రాదులే," అంది. వెనకాల పిల్లాడు గుక్కపట్టాడు. ఆమె ఫోన్ పెట్టేసి అటు వెళ్ళింది.