భార్య కలలు గీసినవాడు

చిత్రకారుడికి తనకంటూ కలలు వచ్చేవి కావు. భార్యకు మాత్రం కునుకు పడితే చాలు, ఏదో ఒకటి వచ్చి గుండెల మీద కూర్చునేది. తెల్లారగానే అతను కాఫీ కలిపిచ్చి, "ఏం వచ్చింది? వెలుగు ఎటునుంచి పడింది?" అని కూపీ లాగేవాడు. ఆమె కుట్టుమిషను తొక్కుతూ చెప్పేది. ఆ బొమ్మలతోనే అతనికి పేరొచ్చింది.

ఈసారి ప్రదర్శనలో గోడంత బొమ్మ పెట్టాడు. వంటింట్లో తింటూ తింటూ కంచంలోకి ఒరిగిపోయిన మనిషి. చితికిన తల. వెనక గౌనులో చిన్నపిల్ల, చేతిలో ఇనుప కడ్డీ. ఆ మనిషికి మామగారి మొహం పెట్టాడు, పిల్లకి భార్య మొహం.

తొలిరోజు మధ్యాహ్నం భార్య అన్న వచ్చాడు. తలుపులు చేసే వడ్రంగి. పనిలోంచి నేరుగా వచ్చాడేమో, జుట్టునిండా రంపపు పొట్టు. బొమ్మ చూసి కొయ్యబారిపోయాడు. మరుక్షణం జేబులోంచి ఉలి తీసి, తండ్రి మొహంలో దించి కిందిదాకా చీరేశాడు.

"పిచ్చెక్కిందా బావా!" అంటూ చిత్రకారుడు ఉలి పట్టుకున్నాడు. వడ్రంగి విసురుగా లాగాడు. చిత్రకారుడి కుడి అరచెయ్యి అడ్డంగా తెగింది. నేలంతా రక్తం. జనం కేకలు పెడుతూ బయటికి పరిగెత్తారు. వడ్రంగి అతని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు.

"అన్నయ్యా, వదులు!" భార్య వచ్చి మధ్యలో దూరింది. "అది నా కల. నేనే చెప్పాను."

వడ్రంగి పట్టు సడలింది. ముగ్గురికి తప్ప వినపడనంత మెల్లగా అన్నాడు.

"కల కాదే పిచ్చిదానా. నువ్వు బల్లకింద నక్కి చూశావు. అమ్మ జుట్టు పట్టుకుని మొహం పొయ్యి మీదికి వంచాడు నాన్న. ఆపైన తీరిగ్గా అన్నానికి కూర్చున్నాడు. కొట్టింది నేను. మెట్ల మీంచి పడ్డాడని అమ్మ అందరికీ చెప్పింది. నీ చేతికి ఆ కడ్డీ ఎవడిచ్చాడే?"

ఆ కలలో కడ్డీ ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. తండ్రిని చంపాలనిపించే పాపిష్టిదాన్నని ఇన్నేళ్లూ తనను తానే అసహ్యించుకుంది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. రెండు వేళ్లు ఇక వంగవన్నాడు డాక్టరు. చిత్రకారుడు అది పట్టించుకోలేదు. భార్యను దగ్గరికి లాక్కున్నాడు.

"దెబ్బ పడ్డప్పుడు మీ నాన్న అరిచాడా? మీ అమ్మ మొహం ఎలా ఉంది? ఎడమచేత్తోనైనా గీస్తాను. ఇంత నిజం దొరికాక వదులుతానా!"

ఆమె అతని చెంప పగలగొట్టింది. కసి తీరక పక్కనున్న స్టీలు ట్రే తీసి మొహం మీద బాదింది. పెదవి చిట్లింది. నర్సు వచ్చి నడుం పట్టుకుని లాగుతున్నా చెయ్యి ఆగలేదు.

"నా నిద్ర అమ్ముకున్నావు, ఊరుకున్నా. మా అన్నయ్య జోలికొస్తే నిన్ను చంపేస్తాను."

అది ఉత్త మాట కాదని అతనికి అర్థమైంది. పోలీసులు అడిగితే, ఫ్రేము అద్దం పగిలి కోసుకుందన్నాడు. బొమ్మ చింపింది తానేనన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎక్కడా ఎత్తలేదు, గీయలేదు.

ఆమె మిషనుతో సహా అన్న ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం వడ్రంగి కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు.

"బావ చెయ్యి ఎలా ఉందో కనుక్కోవే. బొమ్మలు గీసేవాడు కదా."

"నువ్వు ముందు తిను," అంది చెల్లెలు, నీళ్లగ్లాసు పక్కన పెట్టి. "తిన్నాక అమ్మ గురించి చెప్పు. మొదటినుంచీ చెప్పు."