బిగించని తలుపులు

కాంట్రాక్టరు మనిషి మూటలన్నీ ఇసక కుప్ప మీదికి విసిరేస్తుంటే, నీళ్ళక్క బాలింత కోడలు పసిగుడ్డును కొంగు చాటున దాచుకుని వంటింటి గోడకు అతుక్కుపోయింది.

"తలుపులొచ్చాయి. ఇక దయచేయండి," అన్నాడతను.

నీళ్ళక్క చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. కొత్త గోడలు తడపడం ఆమె పని. అందుకే ఆ పేరు.

ఈ కాలనీ పుట్టింది ఆమె కళ్ళముందే. ముళ్ళపొదలు కొట్టి, గుంతలు పూడ్చి, రోడ్లు వేసింది ఆమె, ఆమె వాళ్ళూ. ఇల్లు సగం లేస్తే చాలు, కూలీల కాపురం అందులోనే. సిమెంటుకి కాపలా, గోడలకి తడి. తలుపులు బిగించిన రోజున గచ్చు కడిగి, మూట కట్టుకుని, పక్కనున్న మొండి గోడల్లోకి మారాలి. "ఇన్నిళ్ళున్న షావుకార్లం మనం కాక ఇంకెవరే!" అని నవ్వుకునేవాళ్ళు. ఆమె కొడుకు పుట్టిన గదిలో ఇప్పుడు ఎవరిదో కారుంటుంది.

"కాలనీ పూర్తయ్యాక ఆ మూల స్థలం మీదే," అన్నాడు కాంట్రాక్టరు మొదట్లో. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ ఏ పనికీ కాదనలేదు. మూల స్థలంలో పునాది తీస్తుంటే కూలీలు అడిగారు. "కాలనీకి ఒక్కటే మూలుంటుందా ఏంటి?" అని నవ్వాడు. వీళ్ళూ నవ్వి పలుగులు ఎత్తారు.

ఆ ఇల్లే ఇది. ఇదే ఆఖరిది. పక్కన మరో మొండి గోడ లేదు.

ఆ సాయంత్రం అందరూ హాల్లో కూలబడ్డారు. వడ్రంగి కూడా వచ్చాడు. నీళ్ళక్కకి మరిది.

"నువ్వు తలుపు బిగించినప్పుడల్లా మేం బయటపడ్డాం," అంది నీళ్ళక్క.

"నా పొట్ట కొట్టుకోమంటావా వదినా? నేను కాకపోతే ఇంకోడు బిగిస్తాడు."

"ఆ ఇంకోడికి మాత్రం ఇల్లుందా? ఎప్పుడైనా అడిగావా?"

"పేరుకి వడ్రంగి. వీడి గుడిసెకి గోనెపట్టా వేలాడుతుందే!" అంది ఇటుకలు మోసే ముసలమ్మ. అంతా గొల్లున నవ్వారు.

వడ్రంగి గోడకి ఆనించిన కొత్త తలుపుల వైపు చూశాడు. "తలుపుల్లేని ఇల్లు కొన్నవాడు తీసుకోడు," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

పొద్దున్నే కాంట్రాక్టరు వచ్చేసరికి తలుపులన్నీ వాకిట్లో పరిచి ఉన్నాయి. వాటి మీద ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య వడ్రంగి.

"మూల స్థలం మాదన్నారు," అంది నీళ్ళక్క. "ఇల్లు కట్టేసుకున్నారు. ఈ ఇల్లిస్తారా, వేరే స్థలం చూపిస్తారా?"

"కాగితముందా?"

"కాగితం లేదు. మేమున్నాం."

అతను ఊళ్ళోంచి వేరే వడ్రంగుల్ని పిలిపించాడు. వాళ్ళు వాకిట్లోకి వచ్చి చూశారు. "ఇంతమందిని లేపి ఏం బిగిస్తాం సార్?" అని వాళ్ళలో పెద్దాయన సంచీ దించి ముసలమ్మ పక్కన చతికిలబడ్డాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

పోలీసులొచ్చారు. నీళ్ళక్క మరిదిని చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్ళారు.

"లేవకండి వదినా!" జీపులోంచి అరిచాడతను. "ఎవరొచ్చినా లేవకండి!"

జీపు కాలనీ వీధులన్నీ తిరిగి వెళ్ళాలి. ఆ అరుపు విని, ఆ ఇళ్ళలో అంట్లు తోమే ఆడపిల్లలు తడి చేతులతోనే బయటికొచ్చారు. ఒకప్పుడు ఆ మొండి గోడల మధ్య పాకినవాళ్ళే వాళ్ళంతా. "ఏయ్, పని వదిలేసి ఎక్కడికే?" అని మేడల మీంచి కేకలు. ఒక్కతీ వెనక్కి తిరగలేదు.

నీళ్ళక్క ఇసక కుప్ప మీది మూటల్ని ఒక్కొక్కటే లోపలికి చేర్చింది.

"పొయ్యి వెలిగించమ్మా," అంది కోడలితో.

"ఎంతమందికత్తా?"

నీళ్ళక్క వీధి వైపు చూసింది. ఇంకా వస్తూనే ఉన్నారు.

"తెలీదు. ఎసరు ఎక్కువే పెట్టు," అని వాకిట్లో వాళ్ళ వైపు తిరిగింది. "సగంమంది ఇక్కడే కూర్చోండి. మిగతావాళ్ళం స్టేషనుకి పోతున్నాం."