ఒక్కపూట రాజు

ఆ డిసెంబరులో మా కంపెనీకి రోమన్ల పిచ్చి పట్టింది. వార్షికోత్సవ విందుకు హాలు నిండా అట్ట స్తంభాలు నిలబెట్టి, ఈ అరబ్బు దేశంలో మేముండే ఐకాడ్ కూలీల క్యాంపు నుంచి మమ్మల్ని కొందరిని బస్సెక్కించారు. మాకు బానిసల వేషం. మోకాళ్ల దాకా ముతక గుడ్డ, నడుముకు తాడు. మీకు మేకప్ అక్కర్లేదన్నాడు ఫోర్‌మన్ రమీజ్. నిజమే, మా మొహాలకు ఇంకెందుకు?

భూమేశ్ నా రూమ్మేటు. వాళ్లావిడ స్వర్ణకు సోమవారం కరీంనగర్‌లో గుండె ఆపరేషన్. లీవు అడిగినప్పుడల్లా ముదీర్, అంటే మా మేనేజరు, కాదన్నాడు. వాడి పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది.

భోజనాల మధ్యలో, మైకు పట్టుకున్న అమ్మాయి రోమ్ ఆచారం ఒకటి హిందీలో చెప్పింది. ఏడాదికోసారి అక్కడ పండగట. ఆ రోజు యజమానులే బానిసలకు వడ్డించేవారట. చీటీ వేసి ఒకణ్ణి రాజును చేస్తే, వాడేం చెప్పినా అందరూ వినాల్సిందేనట. మర్నాడు ఏమయ్యేదో ఆమె చెప్పలేదు.

చీటీ భూమేశ్‌కు వచ్చింది. తలకు బంగారు కాగితపు ఆకుల దండ చుట్టి సోఫా మీద పడుకోబెట్టారు. తెల్ల దుప్పటి కప్పుకున్న ముదీర్ పళ్లెం పట్టుకుని వంగి, "హుకుం, మహారాజ్" అన్నాడు. ద్రాక్షపళ్లు అడుగుతాడని అందరూ అనుకున్నారు.

భూమేశ్ లేచి కూర్చున్నాడు. "సాబ్, మేరా పాస్‌పోర్ట్ దేదో. ఘర్ జానా హై. బీవీ కా ఆపరేషన్ హై."

ముదీర్ మోకాలి మీద కూర్చుని "మంజూర్" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది, మావాడు నమ్మేశాడు కాబట్టి. ఆ దండతోనే బాత్రూంలోకి పోయి, వస్తున్నానని స్వర్ణకు ఫోన్ చేశాడు.

"జర ఆగురా. అది ఆట" అన్నాను.

"అంతమంది ముంగట మాటిచ్చిండన్నా. ఎట్ల తప్పుతడు?"

మర్నాడు ఆదివారం, ఆఫీసు మూత. సోమవారం పొద్దున్నే బ్యాగుతో ఆఫీసుకు పోయాడు, తోడు నేనూ పోయాను. ముదీర్ కోప్పడలేదు. నవ్వి, భలే నటించావని మెచ్చుకున్నాడు. లీవు సంగతి సైటు పని అయ్యాక చూద్దామన్నాడు. ఆ నవ్వును చెప్పుతో కొట్టాలనిపించింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే స్వర్ణ ఫోన్. ఆమె మాట నాకూ వినబడింది.

"లోపటికి రమ్మంటున్నరు. నువ్వొచ్చినంకనే అని చెప్పిన. ఇయ్యాల కాకుంటే మల్లెప్పుడో అని డాక్టరు కోపం జేస్తున్నడు. నీ మొకం చూడకుంట నేను పోను. ఏడున్నవ్?"

భూమేశ్ ముదీర్ వైపు చూశాడు. ముదీర్ ఎవరితోనో ఫోనులో ఉన్నాడు.

"ఏర్‌పోర్టుల ఉన్న, ఇమానం ఎక్కుతున్న" అన్నాడు భూమేశ్. "నువ్వు కండ్లు తెరిచేటాళ్లకు పక్కనే ఉంట. పో."