చూపు ఉండగానే చూడాల్సిన తీరాలు

కరీబియన్ సముద్రంలోని టొబాగో ద్వీపంలో పుట్టినవాళ్ళకి, సముద్రం ఎక్కడికి పోతుందిలే అని ఓ ధీమా. ఇస్మే పిన్నిదీ అదే. మేసన్ హాల్ కొండమీద కందులూ చేమదుంపలూ పండిస్తూ అరవై ఏళ్ళు గడిపేసింది. తీరిక చిక్కినప్పుడు కిందికి దిగి చూసొద్దాంలే అనుకుంది. తీరిక ఎవరికి చిక్కింది గనక! ఈలోగా ఒక కన్ను పోయింది. రెండోదీ ఎన్నాళ్ళో నిలవదని, చూడాలనుకున్నవేవో ఇప్పుడే చూసేసుకోమని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

పిన్ని ఏడుస్తూ కూర్చోలేదు. టాక్సీ నడిపే అక్క కొడుకు కెర్విన్‌ని పిలిపించింది.

"ఆదివారం నీ బండి నాదిరా. సముద్రం చూపించు."

"ఏ తీరం పిన్నీ?"

"నాకేం తెలుసు? ఊళ్ళోకొచ్చిన ప్రతివాడికీ చూపిస్తావుగా, నాకూ చూపించు."

కెర్విన్ తల పట్టుకున్నాడు. విమానం దిగినవాళ్ళకైతే చిటికెలో చెప్పేస్తాడు, పిల్లలుంటే ఇక్కడికి, కొత్త జంటైతే అక్కడికి అని. మళ్ళీ చూడలేని మనిషిని ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఒకచోటికి వెళ్తే ఇంకోటి తప్పిపోతుందాయె. పైగా ఎండ ముదిరితే ఆ ఉన్న కన్నూ నీళ్ళు కారి మూసుకుపోతుంది.

పొద్దున్నే పిజన్ పాయింట్ తీరంలో బండి ఆపాడు. దిగీ దిగగానే అలవాటు కొద్దీ చెయ్యి చాచి, "స్వాగతమండీ, మీ కుడిచేతివైపు కనిపిస్తున్నది…" అని మొదలెట్టాడు.

"మీ అమ్మ చెల్లెల్నిరా, టికెట్టు కొనుక్కొచ్చినదాన్ని కాదు. కాసేపు నోరు మూసుకో," అంది పిన్ని.

అని ఎదురుగా చూసింది. పాలు ఒలకబోసినట్టు ఇసుక, దానిమీదకి వచ్చీ రానట్టు వచ్చే నీళ్ళు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. ఇంత తెల్లటి చోట కాలు పెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. రెప్ప వేస్తే ఎక్కడ నష్టపోతానో అన్నట్టు చూస్తూ నిలబడింది.

అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌మన్స్ బే. అడవి కొండ దిగి నేరుగా ఇసుకలోకి వచ్చేసిన చోటు అది. దూరంగా ఒక అల లేచింది. లేచి, విరగబోయే ముందు దానిలోంచి వెలుగు ఇవతలికి వచ్చి అల ఒళ్ళంతా లేతాకు రంగైంది. పిన్ని గుండె ఝల్లుమంది. ఒకటి విరిగితే ఇంకోటి, అది విరిగితే మరోటి. చూసేవాళ్ళున్నా లేకపోయినా, తను కందికాయలు వలుచుకుంటూ కూర్చున్న అన్నేళ్ళూ ఇది ఇలా జరుగుతూనే ఉందన్నమాట!

"ఎలా ఉంది పిన్నీ?"

"భయంగా ఉందిరా," అంది పిన్ని. "దీన్ని చూస్తుంటే పొద్దుటిది అప్పుడే చెరిగిపోతోంది. ఇన్ని చూసి ఎక్కడ దాచుకోను?"

కెర్విన్ బండి తీశాడు.

కాస్టారా అనే బెస్తపల్లె చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తీరం పొడుగునా జనం రెండు బారులుగా నిలబడి పెద్దవల తాళ్ళు లాగుతున్నారు. కాస్టారాలో వల లాగుతుంటే చేతులూపుకుంటూ పక్కనుంచి పోవడం మర్యాద కాదు. తాడు ముట్టినవాళ్ళందరికీ వాటా ఉంటుంది.

"ఏమ్మా, చేతులకి గోరింటాకు పెట్టుకున్నావా? వచ్చి పట్టు," అని కేకేశాడు వల లాగించే ఆల్రిక్.

"ఆవిడకి కళ్ళు సరిగా కనబడవు," అన్నాడు కెర్విన్.

"మేమేమన్నా కళ్ళతో లాగుతున్నామా?"

పిన్ని వెళ్ళి వరసలో నిలబడి తాడు పట్టుకుంది. నీటిమీద ఎండ తళతళకి కన్ను మండి ధారలు కట్టింది. ఇక లాభం లేదని మూసేసుకుంది. మొదట బరువొకటే తెలిసింది. తర్వాత ఆ బరువు కదిలింది. అవతల ఎవరో భారీ మనిషి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు తాడు కాస్త పోతోంది, కాస్త వస్తోంది. ఉన్నట్టుండి అరచేతుల్లో సన్నగా వణుకు. వణుకు మోచేతులకెక్కింది, భుజాలకెక్కింది. కనబడనంత లోతునుంచి వేల ప్రాణాలు ఒక్కసారిగా ఆవిడ ఒంట్లోకి వచ్చినట్టయింది.

"ఏంటిది?" అంది పిన్ని.

"చేపలమ్మా. తగిలాయి," అన్నాడు ముందున్న ఆల్రిక్.

పిన్నికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. కాళ్ళు ఇసుకలో కూరుకుపోతున్నా తాడు మాత్రం వదల్లేదు.

వల ఒడ్డుకొచ్చింది. ఇసుకమీద చేపలు వెండిలా ఎగిరిపడుతున్నాయి. కెర్విన్ పక్కకొచ్చి తొందరపెట్టాడు. "పద పిన్నీ, షార్లట్‌విల్ తీరం ఇంకా మిగిలింది. అన్నిటికంటే అందమైంది అదే. కాస్త కన్ను తేరుకోగానే చూద్దువుగాని."

"ఉండరా," అని పిన్ని ఆల్రిక్ గొంతు వినబడ్డ వైపు తిరిగింది. "మళ్ళీ ఎప్పుడు లాగుతారు బాబూ?"

"చేప వచ్చినప్పుడల్లా."

"వచ్చే ఏడాది కూడానా?"

"ఇదే మా పని కదమ్మా."

"అయితే వరసలో నాకో చోటుంచండి. అప్పటికి నాకు బొత్తిగా కనబడదు మరి."

"తాడు చేతికందిస్తాంలే," అంటూ ఆల్రిక్ ఆవిడ వాటా చేపలు సంచిలో వేశాడు.